నూట నాలుగో కన్ను

పోయినవన్నీ ఒకచోట రాసి కూడితే ఎంతవుతుందో చూద్దామని ఈమధ్య ఒకరోజు కూర్చున్నాను. కూడిక నాకు కష్టం కాదు. దేన్ని ఎక్కడ రాయాలన్నదే కష్టమైంది.

పువ్వులు పదకొండు. కొక్కెం సూదులు మూడు, అందులో ఒకటి పాత గొడుగు ఊచ అరగదీసి చేసింది. వీధి అరుగు ఒకటి, దాని మీద తాటాకు చాప ఒకటి. గళ్ళ నోటు పుస్తకం ఒకటి, అందులో రాసిన పేజీలు నాలుగు. నిప్పుల్లో కాలే పనస గింజల వాసన. దీన్ని ఏ కొలతలో రాయాలో తెలియక పక్కన పెట్టాను. ఒక మనిషి. ఆ మనిషి నన్ను "మా అమ్మాయి" అని చెప్పుకున్న సంవత్సరాలు ఆరు.

పదకొండు పువ్వుల్లో పది పూర్తిగా పోయాయి. పదకొండోది ఇప్పటికీ ఉంది. చాలాచోట్ల ఉంది. అయినా దాన్ని కూడా పోయినవాటిలోనే రాశాను. ఎందుకు రాశానో చెప్పాలంటే ముందు ఫంక్షన్ హాలు సంగతి చెప్పాలి.

పెళ్ళిళ్ళకి వంట అంచనాలు వేసి ఇవ్వడం నా పని. ఐదొందల మందికి బియ్యం ఎంత, పప్పు ఎంత, పెరుగు ఎన్ని క్యాన్లు, వాన వస్తే ఎంత తగ్గుతుంది, అన్నీ లెక్క కట్టి కాగితం మీద పెడతాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఈ లెక్క నాకు ఎవరూ నేర్పలేదు. భోజనాలయ్యాక గిన్నెల్లో ఎంత మిగిలిందో తొంగిచూస్తూ నేర్చుకున్నాను.

మొన్న నిడదవోలులో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళివారి కోసం ఎదురుచూస్తున్నాను. బల్ల మీద తెల్లటి లేసు గుడ్డ పరిచారు. ఖాళీగా ఉంటే నా వేళ్ళు ఊరుకోవు, కనిపించినదాన్నల్లా లెక్కపెడతాయి. పువ్వుకి ఎనిమిది రెక్కలు. రెక్కకి పదమూడు కళ్ళు. అల్లికలో దారాల మధ్య ఉండే ఖాళీని మావైపు కన్ను అంటారు, చేపల వలకి అన్నట్టే. పదమూడు, పదమూడు, పదమూడు. ఎనిమిదో రెక్క దగ్గర వేలు ఆగిపోయింది. పన్నెండు. మళ్ళీ లెక్కపెట్టాను, పన్నెండే. పక్క పువ్వు చూశాను. దాని పక్కది చూశాను. ఆ గుడ్డ మీద ఇరవై నాలుగు పువ్వులున్నాయి. ఇరవై నాలుగింటికీ ఒక రెక్కలో ఒక కన్ను మూసి ఉంది.

పూలదండలు కట్టిస్తున్న డెకరేషన్ ఆయన్ని పిలిచాను.

"ఈ గుడ్డలు ఎక్కడివండీ?"

"ఆన్‌లైన్లో తెప్పించానండి. బాగున్నాయి కదండీ? కంపెనీ డిజైనండి, అందుకే రేటెక్కువ."

"చేత్తో అల్లింది కాదు కదా?"

"ఇంకా చేత్తో ఎవరల్లుతారండీ! మిషనేనండి."

"ఇందులో ఒక తప్పుంది."

ఆయన వంగి, కళ్ళజోడు పైకి జరుపుకుని చూశాడు. "మిషన్ తప్పు చెయ్యదండి మేడం. డిజైనే అలా ఉంటదండి."

ఫోన్ తీసి కంపెనీ వాళ్ళ పేజీ చూపించాడు. అదే పువ్వు, అదే మూసిన కన్ను. కింద ఇంగ్లీషులో చిన్న చిన్న అక్షరాలు. ఆయనే చదివి చెప్పాడు.

"ఈ పువ్వు మీద హక్కులన్నీ వాళ్ళవేనంటండి. ఎవరైనా కాపీ కొడితే కేసేస్తారంట. మనం పరుచుకోడానికే గానీ అల్లుకోడానికి లేదండి."

"మరి వాళ్ళకెక్కడిది?"

"అదేంటండీ! వాళ్ళే కనిపెట్టుంటారు."

పెళ్ళివారు వచ్చారు. ఎనిమిది వందల మంది అన్నారు. నేను ఏడు వందల తొంభై తొమ్మిది అని రాసుకున్నాను. తర్వాత చూసుకుని కొట్టేసి దిద్దాను.

*

మా అమ్మకి మేం నలుగురం ఆడపిల్లలం. నేను మూడోదాన్ని. అమ్మ అక్కకి, అంటే మా దొడ్డమ్మకి పిల్లలు లేరు. నాకు నాలుగేళ్ళప్పుడు నన్ను ఆమెకి పెంపకానికి ఇచ్చారు. కాగితాలేమీ రాసుకోలేదు. ఒక గౌను, ఒక పలక, ఒక ఇత్తడి గ్లాసు ఇచ్చి పంపారు. పెదనాన్న అప్పటికే పోయారు. నర్సాపురానికి దగ్గర్లో, కాలవ గట్టు మీద ఊరు. దొడ్డమ్మ లేసు అల్లేది.

లేసు అల్లే ఇంట్లో అడిగే మొదటి మాట "అన్నం తిన్నావా" కాదు, "చేతులు కడిగావా". కుంకుడు రసంతో కడిగి, అరచేతులు రెండువైపులా తిప్పి చూపిస్తేనే చాప మీద చోటు. తెల్లదారం మీద పసుపు మరక పడితే ఆ ముక్క పోయినట్టే. అందుకని చేతిలో పని ఉన్నన్నాళ్ళూ దొడ్డమ్మ ఆవకాయ ముట్టుకునేది కాదు. ఆమెకేమో ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. నేను అన్నం కలిపి, నెయ్యి వేసి, ముద్దలు చేసి ఆమె నోట్లో పెట్టేదాన్ని. ఎదురింటి మామ్మ అది చూసి పగలబడి నవ్వేది.

"ఏమే, పిల్లని పెంచుకున్నావా, తల్లిని పెంచుకున్నావా?"

"రెండూ ఒకటేలే పిన్నీ," అనేది దొడ్డమ్మ, నోరు తెరుస్తూ.

మామ్మ కూడా లేసు అల్లేది. ఈ విద్య ఎలా వచ్చిందో వంద సార్లు చెప్పేది. ఎప్పుడో ఒక దొరసాని కాలవ మీద పడవలో వచ్చి, వాళ్ళ అత్తగారికీ ఇంకో ఇద్దరికీ నేర్పిందట.

"మరి దొరసానికి ఎవరు నేర్పారు మామ్మా?"

"వాళ్ళమ్మ నేర్పుంటది."

"వాళ్ళమ్మకి?"

"వాళ్ళమ్మమ్మ."

"మరి అందరికంటే మొదటావిడకి?"

"నీ నోరు పడ! నాకు ముడి తప్పిపోయింది. ఏడు దాకా వచ్చాను."

ఏడు అని మామ్మ అనేది గానీ లెక్క మొదట్లో ఒకటి అనే మాట ఆ అరుగు మీద వినపడేది కాదు. కళ్ళాల్లో ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు. చదువు రాని దొడ్డమ్మకి అంకెలు కళ్ళంలోనే వచ్చాయి. ముడులు కూడా అలాగే లెక్కపెట్టేది. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని వింటూ నేనూ అలాగే నేర్చుకున్నాను. బళ్ళో మొదటిరోజు మాస్టారు అంకెలు చెప్పమంటే "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టాను. తరగతంతా నవ్వింది. ఆ సంగతి మా నాన్న తండ్రికి తెలిసి మురిసిపోయారు. తాత బియ్యం మిల్లులో గుమస్తా. బస్తాలు లోపలికెళ్తుంటే గుమ్మం దగ్గర నిలబడి గీతలు గీసి రాసేవారు.

"గుమస్తా రక్తమండీ. ఎక్కడికి పోతుంది?" అన్నారు తాత.

"రక్తం మీదైతే ఒళ్ళు నాది," అంది దొడ్డమ్మ. అప్పటికి అది వేళాకోళమే.

*

దొడ్డమ్మకి తన సొంత పువ్వులుండేవి. అందరూ దారమిచ్చి లేసు తీసుకెళ్ళే ఏజెంటు ఇచ్చిన నమూనా చూసి అల్లితే, ఆమె ఎదురుగా ఉన్న వస్తువుని చూసి అల్లేది. చేప పొలుసు, గుమ్మడి తీగె, తాటి మట్ట, గోదారి దాటించే పంటు మీద నుంచి చూసిన నీటి సుడి. ఒక వానాకాలం నేను చేసిన పనికి ఒక పువ్వు పుట్టింది. పనస గింజలు నిప్పుల్లో వేసేముందు గాటు పెట్టాలి. నేను కావాలనే పెట్టకుండా వేశాను. అవి టపాకాయల్లా పేలి, నిప్పురవ్వ ఎగిరి మామ్మ ఒళ్ళో ముక్కకి చిల్లు పడింది. మామ్మ లబలబలాడింది. దొడ్డమ్మ నా వీపు మీద ఒకటేసి, ఆ చిల్లు చుట్టూ గింజ ఆకారంలో నాలుగు వరసలు అల్లింది. తీసుకెళ్ళిన ఏజెంటు గారు, ఇలాంటివి ఇంకో డజను కావాలన్నాడు. "చిల్లులు పెట్టేది మా అమ్మాయి. దాన్నడగండి," అంది దొడ్డమ్మ.

ఏ పువ్వు అల్లినా చివర్లో ఒక కన్ను మూసేసేది. నేను మొదట తప్పనుకున్నాను.

"తప్పు కాదమ్మా. నిండుగా ఉన్నదానికి దిష్టి తగులుతుంది. పసిపిల్ల బుగ్గన చుక్క పెట్టమూ? ఇదీ అంతే."

ఏజెంటు గారికి ఆ కన్ను అలవాటైపోయింది. పట్నం వ్యాపారులు అడిగితే దారం ముడిపడిందని చెప్పేవాడు.

నేను ఐదో తరగతిలో ఉండగా, వానలు మొదలైన రోజుల్లో నాన్న వచ్చారు. అరుగు అంచున కూర్చుని, తువ్వాలు మడతలు పెడుతూ విప్పుతూ, చివరికి మాట బయటపెట్టారు.

"వదిన గారూ, పిల్లని తీసుకెళ్ళిపోదామనుకుంటున్నానండి. వచ్చే ఏడు ఆరో తరగతంటే నర్సాపురం పంపాలి. బస్సు, పుస్తకాలు, బట్టలు. మీకు భారం."

"భారమని నేను చెప్పానా మరిదిగారూ?"

"మీరు చెప్పరండి. నాకు తెలీదా?"

దొడ్డమ్మ సూది చాప మీద పెట్టింది. "ఈ వానాకాలం వెళ్ళనివ్వండి. అప్పటికీ నావల్ల కాకపోతే మీ పిల్లని మీరు తీసుకెళ్ళండి," అంది.

మర్నాటి నుంచి ఆమె ప్రతి వస్తువునీ పట్టిపట్టి చూడ్డం మొదలుపెట్టింది. నీళ్ళ బిందెని, గొడుగుని, నా జడని. ఇంకెవరి దగ్గరా లేని పువ్వు ఒక్కటి దొరికితే, అది తనొక్కతే అల్లితే, అందరికంటే మంచి కూలి అడగొచ్చు. నన్ను ఉంచుకోవచ్చు. ఈ మాట ఆమె నాకు చెప్పలేదు, మామ్మతో చెబుతుంటే విన్నాను.

పువ్వు వంటింట్లో దొరికింది. దొడ్డమ్మ కూరకి అరటి దూట, అంటే బోదె లోపలి తెల్లటి కాడ, తరుగుతోంది. దూట తరుగుతుంటే ముక్కకీ ముక్కకీ మధ్య పీచు దారంలా సాగుతుంది, దాన్ని వేలికి చుట్టి తీసెయ్యాలి. దొడ్డమ్మ వేలికి చుట్టింది, తియ్యలేదు. పక్కన పడున్న అరటి డొప్పని అడ్డంగా కోసి వెలుతురులో పెట్టి చూసింది. లోపల వరసగా కళ్ళు, తేనెపట్టులో ఉన్నట్టు.

"ఇటు చూడవే. దారం, కళ్ళు, రెండూ దీని దగ్గరే ఉన్నాయి. ఇన్నాళ్ళూ కూరొండుకు తినేశాం."

పదకొండు రోజులు అల్లింది, విప్పింది. ఎన్నిసార్లు విప్పిందో నేను లెక్కపెట్టాను. పంతొమ్మిది. ఇరవయ్యోసారి అది చాప మీద అంగుళం లేవకుండా పరుచుకుంది. ఎనిమిది రెక్కలు, రెక్కకి పదమూడు కళ్ళు, మొత్తం నూట నాలుగు. చివరికి ఒకటి మూసింది. నూట మూడు. దూట పువ్వు అని పేరు పెట్టుకున్నాం.

*

ఏజెంటు గారు సైకిలు దిగి, పువ్వు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి సంచీలో పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు.

"పట్నం ఆయనకి తెగ నచ్చేసిందండి. వేలల్లో కావాలంట. ఒక్క చేత్తో అయ్యే పని కాదమ్మా. నమూనా ఇవ్వండి, నాలుగూళ్ళకీ పంచుతాను."

"పువ్వు నాదండి. నేను అల్లినన్ని తీసుకెళ్ళండి. కూలి మాత్రం పెంచాలి."

"ఆయ్, పెంచుతానండి. కానీ పువ్వుకి నీదీ నాదీ ఏంటమ్మా? దారం నాది కాదూ?"

మామ్మ అరుగు మీది నుంచే అందుకుంది. "దారం నీదేగా నాయనా! తీసుకెళ్ళి మీ దొడ్లో నాటుకో, పువ్వులు పూస్తాయేమో."

ఆయన నవ్వేశాడు గానీ ఊరుకోలేదు. పక్కూళ్ళో చేయి తిరిగిన నలుగురికి పువ్వు ఇచ్చి చూసి అల్లమన్నాడట. వాళ్ళు అల్లితే అది గిన్నెలా పైకి లేచిపోయింది. "పెరుగు తోడేసుకోమను," అంది మామ్మ. సంగతేమిటంటే అందరూ పువ్వుని నడిమధ్య మొదలుపెట్టి బయటికి అల్లుతారు. దొడ్డమ్మ దూట పువ్వుని ఎనిమిదో రెక్క అంచున మొదలుపెట్టి లోపలికి అల్లేది. దారం ఎక్కడా తెంపేది కాదు. చూసినవాళ్ళకి మొదలు ఎక్కడో దొరకదు. అది తెలిసినవాళ్ళు ఇద్దరే, ఆమె, నేను.

ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. దొడ్డమ్మ బట్టలు తీసుకుని కాలవకి వెళ్ళింది. ఏజెంటు గారు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సంచీలోంచి ఒక పుస్తకం తీశాడు. గళ్ళ నోటు పుస్తకం. పేజీ నిండా నీలం గళ్ళు, గడికి ఒక అంకె పట్టేంత. అలాంటిది మా తాత మిల్లులో ఉండేది, నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు.

"ఏంటి పాపా, లెక్కల్లో బళ్ళో నువ్వే ఫస్టంటగా?"

"ఆయ్."

"అయితే మీ దొడ్డమ్మ పువ్వుని ఇందులో లెక్కగా రాయగలవా? నీవల్ల కాదులే. పెద్ద పెద్దవాళ్ళకే అంతుపట్టలేదు."

"నేను రాయగలను."

"మొదలెక్కడో తెలిస్తే కదా!"

"నాకు తెలుసు."

పుస్తకం నా ఒళ్ళో పెట్టాడు. రబ్బరున్న పెన్సిలు కూడా ఇచ్చాడు. కంటికి సున్నా, ముడికి అడ్డగీత, దారం తిరిగే వైపుకి బాణం. ఆ గుర్తులు అప్పటికప్పుడు నేనే కల్పించాను, నాకెవరూ చెప్పలేదు. నాలుగు పేజీలు నిండాయి. నా జీవితంలో నేను కనిపెట్టినది అదొక్కటే. ఆ గుర్తుల్ని తర్వాత ఎవరెవరు వాడుకున్నారో నాకు తెలియదు, వాటికోసం నేను ఒక్కరోజూ బాధపడలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం నా అంత సంతోషంగా ఎవరూ లేరనుకున్నాను.

ఆయన వేలు పెట్టి చూస్తూ వచ్చి ఆగాడు. "ఇక్కడ పన్నెండే వేశావేంటి? తప్పు కాదూ?"

"కాదండి. అది దిష్టి కన్ను. దొడ్డమ్మ కావాలనే మూస్తుంది."

"సరే, ఉన్నదున్నట్టే ఉంచు. చూసి రేపిస్తాను." పుస్తకం సంచీలో పెట్టుకున్నాడు. పెన్సిలు నాకు వదిలేశాడు.

ఇది చెప్పకూడని సంగతి అని నాకు తోచిందా? నేను చాలాసార్లు వేసుకున్న ప్రశ్న. తోచింది. అందుకే దొడ్డమ్మ వచ్చేసరికి పెన్సిలు చూరులో దాచాను.

*

ఏజెంటు గారు మూడు వారాలు రాలేదు. దొడ్డమ్మ అల్లిన పువ్వులు పెట్టెలో పేరుకుంటున్నాయి. ఒకరోజు మామ్మ పక్కూరి నుంచి వచ్చి, కొంగులోంచి ఒక ముక్క తీసి చాప మీద పెట్టింది.

"మా మేనకోడలు అల్లింది. ఆ ఊళ్ళో నలభై మంది ఇదే అల్లుతున్నారంట. నీ పువ్వే కదే?"

దొడ్డమ్మ వేలు రెక్కల మీద నడిచింది. లాభం, రెండు, మూడు. ఎనిమిదో రెక్క చివర ఆగింది. మూసిన కన్ను మీద గోరు ఆనించింది.

"చూసి అల్లినవాళ్ళయితే ఇది తప్పనుకుని దిద్దేస్తారు పిన్నీ," అంది. "దీని సంగతి తెలిసినవాళ్ళే దీన్ని ఉంచుతారు."

తర్వాత నా వైపు చూసింది. "నువ్వేనా?"

"రాసి చూపించానంతే దొడ్డమ్మా. రేపిస్తానన్నారు."

మామ్మ నిట్టూర్చింది. "గుమస్తా రక్తమే. కనిపించిందల్లా రాయందే ఊరుకుంటుందా?"

"ఊరుకో పిన్నీ," అంది దొడ్డమ్మ. "రాయడం రక్తంలో ఉందేమో. కళ్ళు లెక్కపెట్టడం నేర్పింది నేనే." నా వైపు తిరిగి అంది. "నా పువ్వు నాకు తెచ్చిచ్చెయ్యి. ఇంకేం వద్దు."

నేను పరిగెత్తాను. ఏజెంటు గారి ఇల్లు చెరువులు దాటి, మైలు దూరం. అడిగితే ఇవ్వడని, ఏడవాలని దారంతా అనుకున్నాను. ఆయన అడగ్గానే ఇచ్చేశాడు. "తీసుకెళ్ళమ్మా, దాంతో పనైపోయింది," అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. పుస్తకం తిరిగొచ్చింది కాబట్టి పువ్వు తిరిగొచ్చినట్టే అనుకున్నాను. ఒకటి తీసుకుని ఒకటి ఇచ్చేస్తే మిగిలేది సున్నా. బళ్ళో అదే చెప్పారు.

దొడ్డమ్మ పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని పేజీలు తిప్పింది. నాలుగూ చూసింది. 

"ఇదేనా నా పువ్వు?"

"అవును దొడ్డమ్మా."

"ఎక్కడా పువ్వులా లేదే," అంది.

ఆ పూట అన్నం పెట్టుకుని, తనే ఆవకాయ వేసుకుని, తన చేత్తోనే కలుపుకుంది. వేళ్ళు ఎర్రగా అయ్యాయి. నేను ఎదురుగా కూర్చున్నాను. నన్ను తిట్టలేదు. నాకూ ఒక ముద్ద పెట్టింది. మామ్మ గుమ్మంలోంచి ఆ వేళ్ళని చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

వానాకాలం వెళ్ళింది. నాన్న వచ్చారు. దొడ్డమ్మ గౌన్లు మూట కట్టి, ఇత్తడి గ్లాసు తోమి ఇచ్చింది. "మా అమ్మాయి" అనే మాట ఎప్పుడూ వాడేది. ఆ రోజు మాత్రం "మీ పిల్లండి" అంది నాన్నతో. బస్సు ఎక్కాక వెనక్కి చూశాను. అరుగు మీద కూర్చుని సూది కదుపుతోంది. ఏజెంటు ఇచ్చిన నమూనా ఎదురుగా పెట్టుకుని, అందరిలాగే చూసి అల్లుతోంది.

ఆ తర్వాత ఆమె సొంతంగా కొత్త పువ్వు అల్లలేదు.

*

పెళ్ళయ్యాక ఒకసారి వెళ్ళాను. చూపు తగ్గింది, అయినా వేళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. మిగిలిన పది పువ్వులు చెప్పు, రాసిపెడతానన్నాను.

"వద్దే."

"రాస్తే ఉంటాయి దొడ్డమ్మా."

"ఉంటాయి. నా దగ్గరుండవు."

ఆమె పోయాక పెట్టె తీశాం. అన్నిటికంటే అడుగున నా గళ్ళ పుస్తకం ఉంది. ఎందుకు దాచిందో తెలియదు. చెదలు తినేసి, పట్టుకుంటే పొడి రాలింది. గళ్ళు కూడా మిగల్లేదు.

దీనిమీద నేను చాలా లెక్కలు వేశాను. ఏదీ సరిపోలేదు. అల్లిక దొరసానిది, దారం ఏజెంటుది, కళ్ళు అరటి చెట్టువి. ఇవన్నీ తీసేస్తే దొడ్డమ్మకి మిగిలేది ఎంత? పంతొమ్మిది సార్లు విప్పడం. దానికి హక్కు రాసిచ్చే కాగితం అప్పుడు ఆమెకి లేదు, ఇప్పుడున్న కాగితం ఆమె పేర లేదు. రాసిన పువ్వు మనిషిని వదిలేసి బతికింది. రాయని పది పువ్వులూ మనిషితో పాటు పోయాయి. వీటిలో ఏది నయమో నాకు తేలలేదు. ఇక తేలదు కూడా.

రక్తమా, పెంపకమా అన్నదీ తేలలేదు. మా అక్కచెల్లెళ్ళు ముగ్గురిదీ అదే గుమస్తా రక్తం. వాళ్ళకి చిల్లర లెక్క కూడా రాదు. దొడ్డమ్మ ఒళ్ళో పెరిగింది నేనొక్కదాన్నే, అయినా సూది పడితే నా పువ్వు గిన్నెలా లేచిపోతుంది. మొదలెక్కడో తెలిసీ, ప్రతి ముడీ అంకె తప్పకుండా వేసీ లేచిపోతుంది. రెండువైపుల నుంచీ నాకొచ్చింది లెక్కే. రెండూ కలిస్తేనే ఆ నాలుగు పేజీలు నిండాయి. ఏ ఒక్కటి లేకపోయినా ఆ రోజు నేను రాయలేకపోయేదాన్ని.

మా అమ్మాయి ఫోన్లో లేసు పువ్వులు గియ్యమని అడిగితే, ఆ ఫోనే నిమిషంలో వంద గీసి చూపించింది. దానికెవరు నేర్పారే అంటే, అన్నీ చూసి అదే నేర్చుకుంటుందమ్మా, అంది. ఒక పువ్వు పెద్దది చేసి లెక్కపెట్టాను. ఒక రెక్కకి పదకొండు, ఒకదానికి పద్నాలుగు, ఒకదానికి తొమ్మిది. వంద పువ్వుల్లోనూ ఎవరూ కావాలని మూసిన కన్ను ఒక్కటీ లేదు.

నిడదవోలులో పెళ్ళివారు వెళ్ళాక అంచనా కాగితం వెనక్కి తిప్పి రాశాను. ఎనిమిది పదమూళ్ళు నూట నాలుగు. ఉన్నవి నూట మూడు. ఎక్కడెక్కడి బల్లల మీదో ఎన్ని వేల పువ్వులున్నాయో, వాటన్నిటిలోనూ అంతే. ఊరి కళ్ళు పడకుండా ఆమె ఆ కన్ను మూసింది. ఒళ్ళో తల పెట్టుకుని చూసే కళ్ళకి అది పనిచేయలేదు.

గీత గీసి, కింద బాకీ రాయబోయాను. ఆమె అడిగింది పువ్వు, నేను తిరిగిచ్చింది పుస్తకం. ఇవ్వాల్సిన పువ్వు ఒకటి అలాగే ఉంది. అంకె వేయడానికి చెయ్యి రాలేదు. దొడ్డమ్మ లెక్కలో ఎప్పుడూ ఒకటిని ఒకటి అనలేదు. ఆమె మాటలోనే రాశాను.

బాకీ: లాభం.